విద్యుత్ గిటారు నాదం – డిజిటల్ యాంప్లిఫయరు



విద్యుత్ గిటారు నాదం తీగలో మాత్రమే పుట్టేది కాదు. తీగ కంపనాన్ని పికప్ అనే అయస్కాంతపు చుట్ట స్వల్పమైన విద్యుత్తుగా మారుస్తుంది. యాంప్లిఫయరు దానిని పెంచుతుంది. స్పీకరు దానిని మరల గాలి కంపనంగా మార్చి చెవికి అందిస్తుంది. ఈ మూడింటిలో ప్రతి ఒక్కటీ నాదానికి తన రంగు అద్దుతుంది. లండనులో జిమ్ మార్షల్ 1962లో ఆరంభించిన వాల్వు యాంప్లిఫయర్లు ప్రపంచఖ్యాతి పొందినది ఇట్టి రంగు వల్లనే.

అట్టి బరువైన, ఖరీదైన యంత్రాల స్వభావాన్ని గణితం ద్వారా అనుకరించేదే డిజిటల్ మోడలర్. 1998లో వెలువడిన లైన్ 6 వారి పాడ్ దీనిని సామాన్య వాదకులకు పరిచయం చేసింది. నేడు కంప్యూటరులో ఉచితంగా లభించే ప్రోగ్రాములు సైతం ఈ పని చేస్తున్నాయి. అయినను, ఇంట హెడ్‌ఫోనులో మధురంగా వినిపించిన నాదం వార్షికోత్సవ వేదికపై తేనెటీగల రొదగా మారుట తరచు చూస్తుంటాము. ఇంతకంటె ఖరీదైన పరికరం కొనవలెనన్న కోరిక అప్పుడు కలుగుతుంది. కాని లోపం సాధారణంగా పరికరపు ధరలో గాక, దానిని అమర్చిన క్రమంలో ఉంటుంది.

క్రమం ఎంత ముఖ్యమో మన బోధన్ ప్రాంతం వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారంలోనైనా, బెల్లం వండే పొయ్యి వద్దనైనా, చెరకు రసం శుద్ధి కానిదే పాకం పట్టరు. ఇక్కడను అంతే.

మొదటిది, లోనికి వచ్చే సంకేతపు స్థాయి. గట్టిగా మీటినప్పుడు ఎర్రదీపం వెలిగితే సంకేతపు శిఖరాలు తెగిపోయాయని అర్థం. తరువాత ఏ మీట త్రిప్పినా అవి తిరిగి రావు. స్థాయి మరీ తగ్గితే హోరు పైకి వస్తుంది. గిటారును మైకు కొరకైన రంధ్రంలో గాక, వాద్యం కొరకు ప్రత్యేకించిన రంధ్రంలోనే తగిలించవలెను. లేనిచో తారస్వరాల కాంతి మాసిపోతుంది.

రెండవది, గెయిన్. ఇది కూరలో ఉప్పు వంటిది. తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేము. తంత్రులన్నిటిని కలిపి మీటినపుడు ఏ స్వరానికా స్వరం విడిగా వినబడకుంటే గెయిన్ మించినట్లే.

మూడవది, స్పీకరు పెట్టె. పన్నెండు అంగుళాల గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్‌జుల పైనున్న ధ్వనిని బాగా అణచివేస్తుంది. సభామందిరపు స్పీకరు అట్లు అణచదు. కావున మోడలర్‌ను దానికి కలిపినప్పుడు స్పీకరు పెట్టె అనుకరణను తప్పక ఉంచవలెను. నిజమైన గిటారు స్పీకరుకు కలిపినప్పుడు ఆ అనుకరణను తీసివేయవలెను. రెండూ ఉంటే నాదం దుప్పటి కప్పినట్లుంటుంది. రెండూ లేకుంటే రొదే మిగులుతుంది.

నాల్గవది, వినే బిగ్గరతనం. మెల్లని ధ్వనిలో మన చెవి మంద్ర, తార ధ్వనులను తక్కువగా గ్రహిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో నిరూపించారు. ఇంట మెల్లగా వింటూ ఆ రెంటినీ పెంచుకున్నవాడు సభలో మాత్రం ఘూర్ణిల్లే మంద్రాన్ని, చెవి గీరే తారాన్ని వినిపిస్తాడు. కావున తుది అమరిక సభలోని బిగ్గరతనంలోనే జరగవలెను. గిటారు అడుగు తీగ 82 హెర్ట్‌జులు. అంతకు క్రిందనున్న ధ్వనిని తగ్గిస్తే డోలకుకు, బేస్ వాద్యానికి చోటు దక్కుతుంది.

విద్యుత్తు తోడైనంత మాత్రాన నాదం కర్కశం కానక్కరలేదని నిరూపించినవారు పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014). జంట తీగల మాండొలిన్‌ను విడిచి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌పై ఆయన కర్ణాటక సంగీతపు గమకాలను పలికించారు. మీటగానే అణగిపోయే స్వరాన్ని నిలుపుటకు ఆయనకు విద్యుత్తు తోడ్పడింది.

కళాశాల సంఘం వారికి ఒక మనవి. క్రొత్త పరికరానికి ధనం వెచ్చించుటకు పూర్వం మందిరపు ఎర్తింగును పరీక్ష చేయించండి. ఎర్తింగు సరిగా లేనిచోట గుర్రుమను రొద వచ్చుటయే గాక, చేతితో తీగను, పెదవితో మైకును ఒకేమారు తాకిన విద్యార్థికి ప్రాణాపాయం కూడ కలుగవచ్చు. ఆపైన కార్యక్రమానికి ముందు అరగంట ధ్వని పరీక్షకు కేటాయించండి. ఈ రెండును సమకూడితే సామాన్యమైన పరికరం కూడ మన విద్యార్థుల చేతిలో చక్కగా పలుకుతుంది.