స్క్రూలు ఉన్నాయిగా, ఇంకెందుకు రెస్ట్?

మొన్న వేసవిలో నాన్నకి నడుము దగ్గర స్పైనల్ ఫ్యూజన్ ఆపరేషన్ జరిగింది. నాన్న తాపీమేస్త్రి. ఇంటికొచ్చిన పది రోజులకే మొదలుపెట్టాడు: "టైటానియం స్క్రూలు వేశారుగా, ఇంకెందుకురా రెస్ట్?" నా దగ్గర జవాబు లేదు. సీఎస్ఈ వాడికి ఎముకల గురించి ఏం తెలుస్తుంది! అందుకే కూర్చుని చదివాను.

పాడైన డిస్క్ తీసేసి, రెండు వెన్నుపూసల మధ్య 'కేజ్' అనే చిన్న డబ్బాలాంటిది పెడతారు. అందులో ఎముక ముక్కలు నింపుతారు. అదే గ్రాఫ్ట్. చాలాసార్లు పేషెంట్ తుంటి ఎముక నుంచే తీస్తారు. కొన్ని నెలల్లో పై పూస నుంచి కింది పూస దాకా కొత్త ఎముక పెరిగి రెండూ ఒకటవ్వాలి. అంటే చివరికి బరువు మోయాల్సింది ఎముకే. అది పెరగకపోతే స్క్రూలు రోజూ ఒత్తిడి పడీపడీ వదులైపోవచ్చు, విరగొచ్చు కూడా.

మరి కేజ్‌ని ఇంకా గట్టిగా చేస్తే సరిపోదా? నేనూ అలాగే అనుకున్నా. కానీ బరువు పడే చోటే ఎముక బలపడుతుందని, పడని చోట పలచబడుతుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు. టైటానియం మిశ్రమం స్టిఫ్‌నెస్ సుమారు 110 గిగాపాస్కల్స్, గట్టి ఎముకది సుమారు 20. బరువంతా లోహమే మోస్తే గ్రాఫ్ట్‌కి పనుండదు. పైగా కేజ్ పూసలోకి దిగబడే ప్రమాదం ఉంది. పీక్ అనే ప్లాస్టిక్‌ది 3-4 మాత్రమే, కానీ దానికి ఎముక సరిగా అతుక్కోదు.

అందుకే టైటానియంనే త్రీడీ ప్రింటర్‌లో స్పాంజిలా, కొన్ని వందల మైక్రాన్ల రంధ్రాలతో చేస్తున్నారు. రక్తనాళాలు, కొత్త ఎముక వాటిలోకి పాకుతాయి. ఇందులో వాడే ఆకారాల్లో ఒకటి గైరాయిడ్. 1970లో నాసాలో అలన్ షోన్ వర్ణించాడు. సైన్, కాస్‌లతో ఒక్క లైన్ సమీకరణం! మూడు లూపులు రాసి, ప్రతి పాయింట్ దగ్గర విలువ ఒక హద్దు దాటితే ఖాళీ, లేకపోతే లోహం. ఆ హద్దు కొంచెం జరిపితే ఖాళీ పెరిగి స్టిఫ్‌నెస్ తగ్గుతుంది. మరీ జరిపితే బలమే పోతుంది.

నాన్నకి మాత్రం ఇలా చెప్పా: "స్క్రూలు సెంట్రింగ్ కర్రల్లాంటివి నాన్నా. తర్వాత విప్పరు, అంతే తేడా. స్లాబ్ ఇంకా గట్టిపడలేదు."

కాసేపు ఆలోచించి, "మరి క్యూరింగ్?" అన్నాడు.

"రక్తం బాగా అందాలి. సిగరెట్ దాన్నే తగ్గిస్తుంది."

ఏమీ అనలేదు. ప్యాకెట్ మాత్రం ఇంకా జేబులోనే ఉంది. వచ్చే నెల ఎక్స్-రే.