ఒడిలో కడ్డీయా... భుజాన కాడియా?

వేసవి సెలవులొచ్చాయంటే ప్రతి ఇంట్లోనూ ఒకటే గోల. "అమ్మా, ఈసారైనా పార్కుకి తీసుకెళ్ళవూ? రోలర్ కోస్టర్ ఎక్కుతాం!" అని. పిల్లల పోరు పడలేక మనమూ బయల్దేరతాం. కింద నిలబడి బ్యాగులు కాపలా కాసేవాళ్ళం కొందరం, ధైర్యం చేసి పక్కన కూర్చునేవాళ్ళం కొందరం. నేను రెండో రకం.

కిందటేడు మా చెల్లెలి కూతురు "పెద్దమ్మా, నువ్వు రా!" అని చెయ్యి పట్టుకుని లాగితే ఒక పార్కులో చిన్న కోస్టరే కదా అని ఎక్కాను. పాపకి ఎనిమిదేళ్ళు, బక్కపల్చటి పిల్ల. నా సంగతి వేరే చెప్పాలా, ఇద్దరు పిల్లల తల్లిని! ఆ బండిలో ఇద్దరికీ కలిపి ఒకటే కడ్డీ. కుర్రాడు వచ్చి దాన్ని కిందికి నొక్కాడు. నా పొట్టకి ఆనగానే ఆగిపోయింది. పాప వైపు చూస్తే, దాని తొడలకీ కడ్డీకీ మధ్య నా పిడికిలి దూరేంత ఖాళీ! "బాబూ..." అనేలోపే బండి కదిలింది. మొదటి దిగుడులోనే పాప సీటు మీంచి లేచిపోయింది. రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాను. ఏమీ కాలేదు. పాప కిలకిలా నవ్వుతూ దిగింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెల్లెలికి ఈ సంగతి చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

అప్పట్నుంచీ ఈ కడ్డీల సంగతేమిటో చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నవి మీతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

కడ్డీ ఎందుకొచ్చింది?

1884లో అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో థాంప్సన్ అనే ఆయన కట్టిన బండి గంటకి ఆరు మైళ్ళ వేగంతో వెళ్ళేది. టిక్కెట్టు ఐదు సెంట్లు. మన ఎడ్లబండి కన్నా కాస్త నయం, అంతే! దానికి కడ్డీల అవసరం ఏముంటుంది? తర్వాత ఎత్తులు పెరిగాయి, దిగుళ్ళు నిటారయ్యాయి. 1919లో జాన్ మిల్లర్ అనే ఇంజనీరు పట్టాల కింది వైపున కూడా చక్రాలు పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాంతో బండి పట్టాల మీంచి ఎగిరిపోదు. మరి బండి ఎగరకపోయినా లోపల కూర్చున్న మనం ఎగురుతాం కదా! అందుకే ఒడిలో కడ్డీ తప్పనిసరి అయింది. ల్యాప్ బార్ అనేది దీన్నే.

ఇక్కడో తమాషా ఉంది. బండి తలకిందులైనప్పుడే పడిపోతామేమోనని మనకి భయం. చెంబులో నీళ్ళు పోసి చేత్తో గిర్రున తిప్పి చూడండి, చుక్క కింద పడదు. వేగంగా తిరిగే గుండ్రటి మలుపులోనూ అంతే, ఆ వేగమే మనల్ని సీటుకి అదిమేస్తుంది. అసలు జాగ్రత్త పడాల్సింది గుట్ట ఎక్కి గభాలున దిగేటప్పుడు. బండి కిందికి పోతుంది, మన ఒళ్ళు పైకే పోతానంటుంది. కడుపులో దూది తేలినట్టుంటుందే, ఆ క్షణంలో మనల్ని పట్టి ఉంచేది ఒడిలోని కడ్డీయే. మా పాప లేచిందీ అక్కడే.

భుజాల మీద కాడి

రెండో రకం, తల మీంచి భుజాల మీదుగా కిందికి దిగే షోల్డర్ బార్. చూస్తే ఎద్దు మెడ మీద కాడిలా ఉంటుంది. తలకిందులుగా తిప్పే కోస్టర్లు 1970ల తర్వాత పెరిగాయి, వాటితోపాటు ఇదీ పెరిగింది. మన హైదరాబాద్ వండర్‌లాలో ముందుకి తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పే 'రికాయిల్', ముంబై-పూణె మధ్య ఖోపోలీ దగ్గర ఇమాజికాలో కాళ్ళు గాలిలో వేలాడే 'నైట్రో' ఎక్కినవాళ్ళకి ఈ కాడి అనుభవమే.

ఒడిలో కడ్డీ మంచిదా, భుజాల కాడి మంచిదా అంటే కోస్టర్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఇడ్లీయా దోసెయా అన్నట్టు వాదించుకుంటారు. వాళ్ళ వాదనకి మంచి ఉదాహరణ కాలిఫోర్నియాలో సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్ పార్కులోని 'రివల్యూషన్'. 1976లో జర్మనీ వాడైన ష్వార్జ్‌కాఫ్ కట్టిన ఈ కోస్టర్, నిలువు చక్రంలా తిరిగే కోస్టర్లలో ఈ కాలపు పద్ధతిలో కట్టిన మొదటిది. తలకిందులు చేసేదే అయినా దీనికి మొదట్లో ఉన్నది ఒడిలో కడ్డీ మాత్రమే! 1992లో దానికి భుజాల కాడి తగిలించారు. ఎక్కినవాళ్ళు మెచ్చుకోలేదు. మలుపు తిరిగినప్పుడల్లా చెవులూ దవడలూ ఆ కాడికి కొట్టుకుంటున్నాయని, సరదా పోయి తలనొప్పి మిగిలిందని గోల. చివరికి 2016లో, నలభయ్యో ఏట, కొత్త బండ్లు తెచ్చి మళ్ళీ ఒడి కడ్డీలే పెట్టారు.

ఒహాయోలోని కింగ్స్ ఐలాండ్‌లో 'ఫ్లైట్ ఆఫ్ ఫియర్' కథా ఇంతే. 1996లో భుజాల కాడితో మొదలైంది, 2001లో దాన్ని తీసేసి ఎవరి కడ్డీ వారికే పెట్టారు. చీకట్లో నాలుగుసార్లు తలకిందులు చేసే కోస్టర్ అది! సీటూ కడ్డీ సరిగ్గా అమరితే ఒడిలో కడ్డీ తక్కువదేమీ కాదన్నమాట.

ఎవరికేది నచ్చుతుంది?

ఒడి కడ్డీ ఇష్టపడేవాళ్ళు ఏమంటారంటే, ఛాతీ మీద బరువుండదు, తల స్వేచ్ఛగా ఉంటుంది, ఎదురుగా అంతా కనిపిస్తుంది, సీటు మీంచి తేలే సరదా బాగా తెలుస్తుంది అని. పెన్సిల్వేనియాలో నోబెల్స్ పార్కులోని 'ఫీనిక్స్' అనే చెక్క కోస్టర్ అంటే చాలామందికి ప్రాణం. 1947లో టెక్సాస్‌లో కట్టినదాన్ని విప్పి తెచ్చి 1985లో ఇక్కడ నిలబెట్టారు. అందులో ఇద్దరికీ కలిపి ఒక వదులు కడ్డీయే. ఆ వదులు కోసమే జనం ఎగబడతారు! పెద్దవాళ్ళకది సరదా కావచ్చు, పక్కన చిన్నపిల్లని కూర్చోబెట్టుకున్న నాలాంటిదానికి గుండె దడ.

భుజాల కాడి ఇష్టపడేవాళ్ళూ లేకపోలేదు. భయపడేవాళ్ళకి ఒళ్ళంతా పట్టుకున్నట్టుంటే ధైర్యం. పట్టుకోడానికి పిడులుంటాయి. కానీ మన ఆడవాళ్ళకి ఇందులో ఇబ్బందులెక్కువ. పొట్టిగా ఉన్నవాళ్ళకి అది భుజం మీద ఆనాల్సింది పోయి చెవుల దగ్గరికొస్తుంది. జుంకాలుంటే చెప్పక్కర్లేదు. ఛాతీ దగ్గర నొక్కేస్తుంది. అందుకే కొన్ని కొత్త కోస్టర్లలో గట్టి కాడికి బదులు మెత్తటి జాకెట్టులాంటి పట్టీలు పెడుతున్నారు.

కడ్డీల్లోనూ తేడాలున్నాయి. కొన్ని పళ్ళచక్రం మీద 'టక్ టక్'మంటూ మెట్టుమెట్టుగా దిగుతాయి. అందులో ఒక మెట్టు వదులు, తర్వాతి మెట్టు బిగువు. నూనె ఒత్తిడితో పనిచేసేవి మెట్లు లేకుండా ఒంటికి సరిపోయినచోట ఆగుతాయి. కొందరు కుర్రాళ్ళు ఒళ్ళంతా బరువేసి నొక్కేస్తారు, తొడలు కమిలిపోతాయి. కోపం రావడం సహజమే. కానీ వదిలేసినవాడి కన్నా నొక్కినవాడే మేలు.

సరదా వేరు, క్షేమం వేరు

2004 మే నెలలో మసాచుసెట్స్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ న్యూ ఇంగ్లండ్‌లో 'సూపర్‌మ్యాన్' కోస్టర్ మీంచి ఒకాయన పడి చనిపోయారు. భారీకాయం కావడంతో కడ్డీ ఆయన ఒడిలో సరిగ్గా కూర్చోలేదు. 2013 జూలైలో టెక్సాస్‌లోని 'న్యూ టెక్సాస్ జెయింట్' మీంచి ఒకావిడ పడిపోయి ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతే దానికి సీటు బెల్టులు కూడా పెట్టారు. ఇలాంటివి అరుదే. కానీ రెండిట్లోనూ మనం నేర్చుకోవాల్సింది ఒకటే. కడ్డీ దిగడం ముఖ్యం కాదు, ఎక్కడ ఆగిందన్నది ముఖ్యం. పొట్ట మీద ఆగిన కడ్డీ మనల్ని పట్టుకోదు. మెత్తటి పొట్ట ఒకచోట నిలవదు కదా! తొడల మీద, నడుముకి దగ్గరగా ఆనాలి.

"లావుగా ఉన్నారు, దిగండి" అంటే ఎవరికైనా మొహం చిన్నబోతుంది. అమెరికాలో చాలా పార్కుల్లో వరుసకి ముందే నమూనా సీటొకటి పెడతారు. కూర్చుని కడ్డీ సరిపోతుందో లేదో చూసుకోవచ్చు. ఎంత మర్యాదైన పద్ధతో చూడండి! అలాంటిది లేనిచోట దించేస్తే సిగ్గుపడకండి. ఆ ఒక్క క్షణం చిన్నతనం ఓర్చుకుంటే ప్రాణం నిలుస్తుంది.

మీరు గుర్తుంచుకోవాల్సినవి

* పిల్లల ఎత్తు కొలిచే కర్ర దగ్గర వాదించకండి, మడమల కింద ఏవో పెట్టి మోసం చెయ్యకండి. ఆ కొలత పిల్లల ఒంటికి కడ్డీ సరిపోతుందా అని చూడటానికే.

* ఇద్దరికీ ఒకటే కడ్డీ అయితే బక్కపిల్లని లావుపాటి పెద్దవాళ్ళ పక్కన కూర్చోబెట్టకండి. ఇంచుమించు ఒకే ఒళ్ళున్నవాళ్ళని జత చెయ్యండి. ఎవరి కడ్డీ వారికే ఉన్న బండి అయితే మరీ మంచిది.

* వీపు సీటుకి పూర్తిగా ఆనించి, కాళ్ళు కింద పెట్టి కూర్చున్నాకే కడ్డీ దించుకోండి. ముందుకి జరిగి కూర్చుంటే తర్వాత వదులవుతుంది.

* ఒడిలో హ్యాండ్‌బ్యాగు, నీళ్ళ సీసా, మడిచిన చున్నీ పెట్టుకోవద్దు. కడ్డీకీ తొడకీ మధ్య ఏదీ ఉండకూడదు.

* చీర కన్నా సల్వార్ కమీజు నయం. చున్నీ తీసి ఇచ్చెయ్యండి. జడ ముడి వేసుకోండి. జుంకాలు, పొడుగు గొలుసులు తీసెయ్యండి. మంగళసూత్రాలు లోపలికి దోపుకోండి.

* కుర్రాడు వచ్చి చూసినా సరే, మీరూ ఒకసారి కడ్డీ పైకి లాగి చూడండి. పిల్లలదీ చూడండి. అనుమానం వస్తే గట్టిగా "ఆపండి!" అనండి. ఎవరేమనుకుంటారోనని ఊరుకోవద్దు.

* గర్భిణులు, గుండెజబ్బు, రక్తపోటు, మెడ నడుము నొప్పులున్నవాళ్ళు, ఈమధ్యే ఆపరేషను అయినవాళ్ళు ఏ రకం కడ్డీ ఉన్నా ఎక్కవద్దు.

ఒడి కడ్డీ ఇష్టమా, భుజాల కాడి ఇష్టమా అని నన్నడిగితే, నా తల కొట్టుకోకుండా ఉండేదే నాకిష్టం. కానీ పిల్లల విషయంలో నా ఇష్టంతో పనిలేదు. వాళ్ళ ఒంటికి సరిగ్గా అమరేదే మంచిది.

ఈ సంక్రాంతికి చెల్లెలు వచ్చినప్పుడు పాప మళ్ళీ అడిగింది. "తీసుకెళ్తాను. కానీ కడ్డీ నేను లాగి చూసి సరే అన్నాకే" అన్నాను. "అలాగే పెద్దమ్మా, నీ కడ్డీ నేను లాగి చూస్తా" అంది గడుగ్గాయి. ఈసారి మీరు వెళ్ళినప్పుడూ ఒకరి కడ్డీ ఒకరు లాగి చూసుకోండి. ఆ తర్వాత ఎంత గట్టిగా కేకలు పెట్టుకున్నా ఫర్వాలేదు!