నికాహ్‌కు ముందు ఒక రక్త పరీక్ష

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో చిన్నాన్న, పెదనాన్న, మేనత్త, మేనమామ బిడ్డల మధ్య సంబంధాలు కలుపుకోవడం కొత్త కాదు. ధర్మం దానికి అనుమతినిచ్చింది. వివాహ నిషిద్ధులైన బంధువులను పేర్కొన్న అన్నిసా సూరా 23వ ఆయతులో వీరు లేరు. అయితే అనుమతి ఆదేశం కాదు. అనుమతి ఉన్న విషయంలోనూ ముందుచూపు ఎంత అవసరమో తలసేమియా వ్యాధి బోధిస్తున్నది.

రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ తయారీకి కావలసిన సూచనలు జన్యువులలో ఉంటాయి. కణం వాటికి తీసుకునే నకలే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. కొన్ని రకాల తలసేమియాలో ఆ నకలు మధ్యలోనే ‘ఇక్కడితో ఆపు’ అనే తప్పుడు సంకేతం ఉంటుంది. దాని ప్రకారం అరకొరగా తయారయ్యే ప్రోటీన్ హాని చేయవచ్చు కనుక, కణం ఆ నకలును ముందే నాశనం చేస్తుంది. మానవ కణాలలోని ఈ ఏర్పాటును 1981లో వెల్లడించిన అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త లిన్ మాక్వాట్ పరిశీలించినది తలసేమియానే. 2021లో మరి ఇద్దరితో కలిసి ఆమె వోల్ఫ్ బహుమతి అందుకున్నారు.

అల్లాహ్ మన దేహంలో అమర్చిన ఈ కాపలా అద్భుతమైనది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వచ్చిన జన్యువులలో ఒకదానిలోనే లోపముంటే రెండవది పని నెరవేరుస్తుంది. ఆ వ్యక్తి ఆరోగ్యంగానే ఉంటాడు. అందువల్లనే తాను వాహకుడనన్న సంగతి అతనికి తెలియదు. ఇద్దరు వాహకులు దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. దగ్గరి బంధువులలో ఒకే లోపం ఇద్దరికీ సంక్రమించి ఉండే అవకాశం ఎక్కువ.

వ్యాధి తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. దేహంలో పేరుకునే ఇనుము గుండెను, కాలేయాన్ని దెబ్బతీయకుండా మందులు వాడుతూనే ఉండాలి. 1998లో హైదరాబాద్‌లో స్థాపితమైన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇటువంటి బిడ్డలకు సేవలందిస్తున్నది. కాని కోదాడ నుండి అక్కడికి వెళ్ళిరావడమంటే తండ్రికి ఒకనాటి కూలి, బిడ్డకు ఒకనాటి చదువు పోయినట్లే.

సీబీపీతో పాటు హెచ్‌బీ ఏ2 పరీక్ష చేయిస్తే వాహకులెవరో చాలావరకు తెలిసిపోతుంది. ఇరాన్ 1997లోనూ, సౌదీ అరేబియా 2004లోనూ వివాహానికి ముందు ఇటువంటి పరీక్షను తప్పనిసరి చేశాయి. వధూవరులలో ఒకరే వాహకులైతే బిడ్డలకు తీవ్ర తలసేమియా వస్తుందన్న భయం అక్కరలేదు. కనుక వాహకురాలన్న నెపంతో ఆడపిల్లను తిరస్కరించడం అన్యాయం. పరీక్ష వరునికీ జరగాలి. నిశ్చితార్థం జరిగాక వెనుదిరగడం ఇరు కుటుంబాలకూ బాధాకరం కనుక, సంబంధం మాట్లాడుకునే రోజులలోనే పెద్దలు ఈ పరీక్ష చేయించాలి. జుమా ప్రసంగాలలో ఇమాములు ఈ మాట గుర్తు చేస్తే ఎందరో బిడ్డలకు మేలు చేసినవారవుతారు.