పొత్తులోని గణితము

దూరదేశమున నున్న బంధువునకు మన మొక లేఖను కంప్యూటరు ద్వారా పంపినచో అది రెప్పపాటులో చేరుచున్నది. దానిని ఒకే సంస్థ మోసికొని పోయినదని మనము తలంతుము. అది నిజము కాదు. అంతర్జాల మనునది ఒక్క జాలము కాదు; వేర్వేరు సంస్థలు స్వతంత్రముగా నడుపుకొనుచున్న వేలకొలది జాలముల కూడిక. వీని నన్నింటిని శాసించు ప్రభువు లేడు. ఒక జాలము వేరొక జాలముతో కలియవలెనన్న ఆ రెండును ఒడంబడిక చేసికొనవలెను.

ఈ ఒడంబడికలు ముఖ్యముగా రెండు విధములు. చిన్న జాలము పెద్ద జాలమునకు రుసుము చెల్లించి లోకమున కంతటికిని దారి పొందుట మొదటిది. ఇంచుమించు సమానములైన రెండు జాలములు తమ ఖాతాదారుల సమాచారమును రుసుము లేకుండ ఇచ్చి పుచ్చుకొనుట రెండవది. చిక్కంతయు ఈ రెండవదాని యందే కలదు. సొమ్ము చెల్లింపవలెనని ఒకరును, చెల్లింపమని వేరొకరును పట్టుపట్టినచో నేమగును?

అమెరికాలో 2005 అక్టోబరు 5వ తేదీన ఇట్లే జరిగెను. లెవెల్ 3, కోజెంట్ అను రెండు పెద్ద సంస్థలకు వివాదము కలుగగా లెవెల్ 3 లంకెను తెంచివేసెను. కేవలము ఒకదానినే నమ్ముకొన్నవారికిని, కేవలము రెండవదానినే నమ్ముకొన్నవారికిని నడుమ దారి మూసికొనిపోయెను. తీగలు తెగలేదు; యంత్రములు చెడలేదు; తెగినది పొత్తు మాత్రమే.

ఇట్టి పట్టుదలలను పరిశీలించు గణితశాఖకు క్రీడా సిద్ధాంతమని పేరు. వాన్ నాయ్‌మన్, మార్గెన్‌స్టర్న్ అను పండితులు 1944లో వెలువరించిన గ్రంథముతో ఇది ప్రసిద్ధి కెక్కెను. చదరంగమునందు వలె ఇందును ఒకని ఫలితము ఎదుటివాని ఎత్తుపై ఆధారపడి యుండును.

ఒక లెక్కను ఊహింతము. ఇరువురును ఖర్చు పంచుకొన్నచో ఒక్కొక్కరికి 3 రూపాయల లాభము. ఒకడు పట్టుపట్టగా రెండవవాడు లొంగినచో మొదటివానికి 4, లొంగినవానికి 2. ఇరువురును పట్టు విడువక లంకె తెంచుకొన్నచో ఒక్కొక్కరికి 1 మాత్రమే. ఎదుటివాడు తప్పక లొంగునని నమ్మినవాడు 4 రూపాయలకు ఆశపడును. ఎదుటివాడును అట్లే తలంచును. తుదకు ఇరువురికిని దక్కునది 1 మాత్రమే. వారు మూర్ఖులు కారు. ఎవరి లెక్క వారికి సరిగానే తోచినది.

అయినను జాలముల ఆట ఒక్కనాటితో ముగియునది కాదు. నేడు 4 పొందినవానికి రేపును ఆ పొరుగువానితోనే పని. నేడు లొంగినవాడు రేపు లొంగడు. అప్పుడు మొదటివానికి రెండు దినములలో దక్కునది 5. పొత్తు నిలుపుకొన్నచో దక్కునది 6. మరల మరల సాగు ఆటలో పొత్తు ఎట్లు నిలుచునో రాబర్ట్ ఆమన్ అను గణితవేత్త నిరూపించెను. ఆయనకును, థామస్ షెల్లింగునకును 2005లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ బహుమానము ప్రకటింపబడినది కూడ అక్టోబరు నెలలోనే!

ఆ రెండు సంస్థలును కొలది దినములలోనే లంకెను పునరుద్ధరించుకొని, అక్టోబరు 28వ తేదీన క్రొత్త ఒడంబడికను ప్రకటించెను. అంతర్జాలమును నిలుపుచున్నది తీగలు మాత్రమే కాదు. రేపును ఈ పొరుగువానితోనే పని గలదను ఎరుక కూడ.