రాతి నగరంలో సహజ వికిరణం

రేడియోధార్మికత అనే మాట వినగానే మన మనస్సులో హిరోషిమా, చెర్నోబిల్ మెదలుతాయి. ఆ భయం సహజమే. కాని మానవుడు అణువును ఛేదించుట నేర్చిన తరువాతనే వికిరణం ఈ భూమి మీదికి వచ్చినదని భావించుట సరికాదు. భూమి పుట్టిన నాటి నుండి శిలలలో, మట్టిలో, నీటిలో, గాలిలో, ఆకాశం నుండి దిగివచ్చే కిరణాలలో, చివరకు మన శరీరంలో కూడ అది ఉన్నది. దీనినే శాస్త్రజ్ఞులు సహజ నేపథ్య వికిరణం అంటారు. హైదరాబాదు నగరవాసులకు ఈ విషయంతో ఉన్న సంబంధం పెక్కు నగరాల వారి కంటె కొంత ఎక్కువ. ఎందుకనగా మనం నివసించేది రాతి మీద.

పరిభాషను గూర్చి ఇక్కడ ఒక మాట. ఉర్దూలో దీనిని తాబ్‌కారీ అంటారు. తాబ్ అనగా వెలుగు, తేజస్సు. తెలుగులో ధార్మికత అన్నాము. అక్కడ ధర్మమనగా వస్తువు యొక్క గుణం మాత్రమే. దీనికీ దానధర్మాలకూ సంబంధమేమని అడిగే విద్యార్థి ఏటా ఒకడైనా ఉంటాడు. అడుగుట మంచిదే.

1896లో హెన్రీ బెకరెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు యురేనియం లవణాల నుండి కంటికి కనిపించని కిరణాలు వెలువడుటను గుర్తించాడు. ఈ కిరణాలన్నీ నేల నుండియే వస్తున్నవని కొంతకాలం అనుకున్నారు. అదే నిజమైతే పైకి పోయినకొద్దీ అవి తగ్గవలెను. 1912లో విక్టర్ హెస్ బెలూనులో 5 కిలోమీటర్లకు పైగా ఎగిరి చూడగా, తగ్గుటకు మారుగా అవి పెరిగినవి. అవే విశ్వకిరణాలు. ఈ పరిశోధనకు ఆయనకు 1936లో నోబెల్ బహుమానం లభించినది.

వికిరణం వలన శరీరానికి కలిగే ప్రభావాన్ని మిల్లీసీవర్టులలో కొలుస్తారు. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం 2000లో ప్రకటించిన అంచనా ప్రకారం ప్రపంచంలో సగటు మనిషి సహజ వికిరణం వలన సంవత్సరానికి 2.4 మిల్లీసీవర్టుల మోతాదు పొందుతాడు. ఇందులో విశ్వకిరణాల వాటా 0.39, నేల నుండి వచ్చే గామా కిరణాల వాటా 0.48, ఆహార పానీయాల ద్వారా లోపలికి చేరే పదార్థాల వాటా 0.29. మిగిలిన సగానికి పైగా భాగం, అనగా సుమారు 1.26, మనం పీల్చే గాలిలోని రేడాన్ అనే వాయువుది, దాని జాతి వాయువులది. ఆహారం మాట వచ్చినది గనుక చెప్పవలెను: పొటాషియంలో అతిస్వల్ప భాగం రేడియోధార్మికం. మన కండరాలలోని పొటాషియం వలన ఒక్కొక్కరి శరీరంలో సెకనుకు సుమారు 4,000 పరమాణువులు విఘటనం చెందుతూనే ఉంటాయి. కాబట్టి వికిరణం బొత్తిగా లేని చోటు వెదకుట వృథా.

ఇక మన నగరం. గోలకొండ కోట నిలిచిన గుట్ట, మౌలాలి కొండ, జూబిలీ హిల్స్ బండలు అన్నియు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్ శిలలు. కరిగిన శిలాద్రవం చల్లబడునపుడు యురేనియం, థోరియం, పొటాషియం ముందుగా ఏర్పడే స్ఫటికాలలో ఇమడక, చివరి వరకు మిగిలిన ద్రవంలోనికి చేరుతాయి. ఆ చివరి ద్రవం నుండి ఏర్పడినదే గ్రానైట్. అందుచేత ఇతర శిలల కంటె ఇందులో అవి అధికం. వికారాబాదు దాటి పడమటికి పోతే కనిపించే నల్లని బసాల్ట్ శిలలో అవి చాల తక్కువ. అటువంటి శిల మీద ఉన్న ముంబయి కంటె హైదరాబాదులో గామా కిరణాల మోతాదు ఎక్కువగా ఉండుటకు కారణం ఇదే. 1591 నాటి చార్మినారు, 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం ఈ రాతితో కట్టినవే.

నగరంలోని వికిరణానికంతకూ 1971లో ఏర్పడిన అణు ఇంధన సముదాయమే మూలమని కొందరు తలుస్తారు. ఏ కర్మాగారం మీదనైనను నిఘా ఉండవలసినదే, అది వేరే చర్చ. కాని గుట్టలు అంతకు ముందే ఉన్నవి.

ఇంత వికిరణం ప్రమాదకరం కాదా? దీనికి కేరళ తీరం కొంతవరకు సమాధానం చెప్పినది. కొల్లం సమీపాన కరునాగపల్లిలో థోరియం గల మోనజైట్ ఇసుక వలన గామా మోతాదు సాధారణ ప్రదేశాల కంటె అనేక రెట్లు ఎక్కువ. అక్కడి దాదాపు 70,000 మందిని సగటున పది సంవత్సరాలకు పైగా గమనించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, ఈ గామా కిరణాల వలన క్యాన్సరు పెరిగిన సూచన కనిపించలేదు. మన భీమునిపట్నం తీరపు ఇసుకలోను మోనజైట్ కలదు. రాళ్ళను చూచి భయపడి ఊరు విడువ నక్కరలేదని దీనిని బట్టి ధైర్యంగా చెప్పవచ్చును.

అయితే ఇదే ధైర్యాన్ని రేడాన్ విషయంలో చూపరాదు. యురేనియం క్రమంగా విఘటనం చెంది రేడియంగాను, రేడియం రేడాన్‌గాను మారుతుంది. రేడాన్‌కు రంగు లేదు, వాసన లేదు; గాలి కంటె ఏడు రెట్లకు పైగా బరువు. దాని అర్ధాయువు 3.8 రోజులు. నేల పగుళ్ళ నుండి, పునాదుల సందుల నుండి ఇంటిలోనికి చొరబడుటకు ఆ వ్యవధి చాలును. ఆ తరువాత అది పొలోనియం వంటి ఘనపదార్థాలుగా మారగా, అవి ధూళికి అంటుకొని ఊపిరితిత్తులలో నిలిచి ఆల్ఫా కణాలను వెదజల్లుతాయి. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ఆపగలదు; కాని ఊపిరితిత్తి లోపల అడ్డుపెట్టుటకు కాగితం ఎక్కడిది?

1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక అణువిద్యుత్ కేంద్రపు ఇంజనీరు వికిరణ సూచికల మీదుగా నడవగా అవి మ్రోగినవి. ఆ కేంద్రంలో అప్పటికింకా విద్యుదుత్పత్తి మొదలు కాలేదు. వెదకి చూడగా మూలం ఆయన ఇంటిలోనే దొరికినది. ఆ ఇంటి గాలిలో ఘనమీటరుకు సుమారు లక్ష బెకరెల్‌ల రేడాన్ ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరదగినదని చెప్పిన హద్దు 100; ఏ దేశమైనను 300 దాటనీయరాదని 2009లో సూచించినది. ఆ ఇంటి అడుగున గాలి మార్గాలు అమర్చిన తరువాత ఆ కుటుంబం తిరిగి అక్కడనే నివసించినది.

మన దేశపు ఇండ్లలో రేడాన్ సాధారణంగా శీతల దేశాల కంటె తక్కువ. తెరచిన కిటికీలే దానికి ముఖ్య కారణం. పాత హైదరాబాదు ఇంటిలో ఎత్తైన పైకప్పు, దాని క్రింద రోషన్‌దాన్, మధ్య సహన్ ఉండేవి. వేడి గాలి పైనుండి పోయేది, చల్లని గాలి వాకిలి నుండి వచ్చేది. కట్టిన మేస్త్రీకి రేడాన్ పేరు తెలియదు గాని దానిని పారద్రోలే ఏర్పాటు చేసినాడు. నేడు కిటికీలు మూసి ఎయిర్‌కండిషనర్ పెట్టుకొంటున్నాము. వాహనాలు నిలుపవలసిన సెల్లారులో ట్యూషన్ తరగతులు, విద్యార్థి వసతి గదులు నడుపుతున్నారు. గ్రానైట్ నేలను ఆనుకొని, గాలి ఆడని గదిలో పది గంటలు చదివి, ఎనిమిది గంటలు నిద్రించే విద్యార్థిని గురించియే నా చింత. అతడు సిగరెట్టు కాల్చువాడైతే మరింత చింత. రేడాన్ వలన ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చే ప్రమాదం పొగ త్రాగని వారి కంటె త్రాగేవారికి సుమారు 25 రెట్లు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

నున్నని గ్రానైట్ పలకలను గూర్చి అడిగేవారికి: పలక నుండి వచ్చేది స్వల్పం, దాని క్రింది నేల నుండి వచ్చేదే అధికం. బోరు నీటిలోను రేడాన్ కరిగి ఉంటుంది. గాలి తగిలేటట్లు నిలువ ఉంచినా, మరగించినా చాల భాగం పోతుంది. నీటిలోని యురేనియం మాత్రం అలా పోదు. దానికి పరీక్ష అవసరం.

గదిలోని రేడాన్‌ను కొలుచుటకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక చిన్న డబ్బాలో ప్రత్యేకమైన ప్లాస్టిక్ పొరను ఉంచి మూడు నెలలు గదిలో వ్రేలాడదీస్తారు. ఆల్ఫా కణం తాకిన చోట గీత పడుతుంది. కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచగా ఆ గీతలు పెద్దవై సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి, వాటిని లెక్కించుటయే. భౌతిక, రసాయన శాస్త్ర విభాగాల మిత్రులు పూనుకొని, కళాశాల కమిటీ వారు పొరల ఖర్చు భరించినచో, మన విద్యార్థులు అద్దెకుంటున్న క్రింది అంతస్తు గదులలో ముందుగా వీటిని వ్రేలాడదీయవచ్చును. చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి పెట్టవలెను. ఎందుకనగా తలుపులు మూసియుంచే కాలంలోనే అంకె హెచ్చుగా వస్తుంది.