ఏ పనికి ఏ రబ్బరు?

ప్రెషర్ కుక్కర్ మూతలోని రబ్బరు గాస్కెట్టు కొంతకాలం వాడిన తరువాత గట్టిపడి, పక్కల నుండి ఆవిరి పోవటం అందరూ ఎరిగినదే. వంట ఇంటిలో దీనివలన కలిగే నష్టం స్వల్పం. కాని పెద్ద యంత్రాలలో ఇటువంటి వలయం మీదనే ఒక్కొక్కప్పుడు మనుష్యుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

రబ్బరులోని అణువులు పొడుగాటి గొలుసుల వంటివి. ఇవి చిక్కుపడిన దారపు ఉండవలె ఉంటాయి. లాగితే సాగి, వదలితే తిరిగి ముడుచుకుంటాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికా దేశస్థుడు రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది దృఢమవుతుందని కనుగొన్నాడు. గంధకం ఈ గొలుసులను అక్కడక్కడ ముడివేస్తుందని తరువాత తెలిసింది.

అన్ని పనులకూ సరిపోయే రబ్బరు లేదు. సహజ రబ్బరు బాగా సాగుతుంది, సులభంగా చిరగదు. కాని ఖనిజ తైలంలో ఉబ్బిపోతుంది. నైట్రైల్ రబ్బరు నూనెకు తట్టుకుంటుంది. అందులో ఆక్రిలోనైట్రైల్ పాలు పెంచినకొద్దీ ఆ శక్తి పెరుగుతుంది; అయితే చలిలో మెత్తదనం తగ్గుతుంది. సిలికోన్ రబ్బరు వేడిని, చలిని కూడా సహిస్తుంది. కాని త్వరగా చిరుగుతుంది. ఫ్లోరిన్ గల రబ్బరు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలోనూ, నూనెలోనూ నిలుస్తుంది; చలికి మాత్రం బిగుసుకుంటుంది.

కావున ఎన్నిక చేసిన రబ్బరును పరీక్షించటం అవసరం. కాఠిన్యాన్ని షోర్ మాపకంతో కొలుస్తారు. నూనెలో నానబెట్టి ఎంత ఉబ్బినదో చూస్తారు. వలయాల విషయంలో ముఖ్యమైనది మరొక పరీక్ష. రబ్బరు బిళ్లను దాని మందంలో నాలుగవ వంతు మేరకు నొక్కి, ఆ స్థితిలోనే కొలిమిలో 22 గంటలో, 70 గంటలో ఉంచుతారు. బయటకు తీసి, ఒత్తిడి తొలగించి, అరగంట ఆగి మందం కొలుస్తారు. ఎంత తక్కువగా అణగి ఉంటే అంత మంచిది.

అయితే ఏ పరీక్ష అయినా, ఆ రబ్బరు పనిచేయవలసిన పరిస్థితులలోనే జరగాలి. అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌకను మోసే రాకెట్ల అతుకులలో ఫ్లోరిన్ రబ్బరు వలయాలు ఉండేవి. రాకెట్టు అంటుకోగానే లోపలి ఒత్తిడికి అతుకు కొంచెం తెరుచుకుంటుంది. వలయం తక్షణమే సాగి ఆ సందును మూయాలి. 1986 జనవరి 28 ఉదయం ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు. అంతకుముందు జరిగిన ప్రయోగాలలో అతి చల్లనిది సుమారు 12 డిగ్రీల వద్ద జరిగింది. అంత చలిలో ప్రయోగం తగదని ముందటి రాత్రి ఇంజనీర్లు హెచ్చరించినా పైవారు వినలేదు. వలయం బిగుసుకొనిపోయింది, మండే వాయువులు వెలికివచ్చాయి. నౌక బయలుదేరిన 73 సెకండ్లలో ముక్కలై ఏడుగురు మరణించారు.

తరువాత విచారణలో రిచర్డ్ ఫేన్మన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఆ రబ్బరు ముక్కను చిన్న బిగింపులో నొక్కి, మంచునీటిలో ముంచి తీశాడు. బిగింపు వదలినా అది వెంటనే పూర్వపు ఆకారానికి రాలేదు. ఆ పరీక్షకు ఒక గ్లాసు మంచునీరు చాలింది.