తీర్పు దొరికితే చాలదు... అది నేటికీ చెల్లుతుందో లేదో చూడాలి

భిలాయ్: ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టరు కింద పనిచేసే కార్మికుడికి 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చేతికందిందనుకుందాం. ఏదైనా పనిలో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధిస్తే, ఆ కార్మికులు నేరుగా ప్రధాన యాజమాన్యం ఉద్యోగులవుతారని ఎయిరిండియా స్టాట్యుటరీ కార్పొరేషన్ కేసులో వెలువడిన ఆ తీర్పు చెబుతుంది. ఆశ కలిగించే మాటే అయినా, దాన్ని నమ్ముకుని కోర్టుకెక్కితే నిరాశ తప్పదు. 2001 ఆగస్టు 30న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దానిని తోసిపుచ్చింది. ఆ కేసులో అప్పీలు చేసింది భిలాయ్ కర్మాగారాన్ని నడిపే సెయిల్ సంస్థే.

నిషేధ ప్రకటన వెలువడినంత మాత్రాన ఉద్యోగం దానంతట అదే రాదని కొత్త తీర్పు స్పష్టం చేసింది. అయితే కాంట్రాక్టు కేవలం కంటితుడుపు ఏర్పాటని పారిశ్రామిక న్యాయస్థానంలో రుజువైతే, కార్మికులను యాజమాన్యం ఉద్యోగులుగానే పరిగణించాలని పేర్కొంది. అంటే దారి మూసుకుపోలేదు, మారింది. ఈ తేడా తెలియాలంటే తీర్పును వెతకడమే కాదు, దాని తరువాతి చరిత్రనూ చూడాలి.

సుప్రీంకోర్టు 2023 జనవరిలో ప్రారంభించిన ఈ-ఎస్‌సీఆర్‌లో అధికారిక నివేదికల్లోని తీర్పులు ఉచితంగా లభిస్తాయి. హైకోర్టు తీర్పులను ఈ-కోర్టుల తీర్పుల పోర్టల్‌లో పక్షాల పేరు, తేదీ, పదాల ఆధారంగా వెతకవచ్చు. ఇండియన్ కానూన్ వెబ్‌సైటు మరో ఉచిత మార్గం. ఒక తీర్పును ఆ తరువాత ఏ తీర్పులు ప్రస్తావించాయో కూడా అది చూపుతుంది. పాత తీర్పు నిలిచిందో వీగిపోయిందో తెలుసుకునేందుకు అదే తొలి ఆధారం.

గ్రంథాలయంలో వెతికేవారికి సైటేషనే చిరునామా. సెయిల్ తీర్పు సైటేషన్ ‘(2001) 7 ఎస్‌సీసీ 1’. అంటే సుప్రీంకోర్టు కేసెస్ 2001 సంవత్సరపు ఏడో సంపుటం, మొదటి పేజీ. అదే తీర్పు 1914 నుంచి వెలువడుతున్న ఆలిండియా రిపోర్టర్‌లో ‘ఏఐఆర్ 2001 ఎస్‌సీ 3527’గా కనిపిస్తుంది. తీర్పు పైన ఉండే హెడ్‌నోట్ సంపాదకుల సారాంశం మాత్రమే, న్యాయమూర్తి మాట కాదు. వాదనకు అసలు పేరాలే ఆధారం.

భిలాయ్ వాసులు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతపు అప్పీళ్లు జబల్‌పుర్‌లోని మధ్యప్రదేశ్ హైకోర్టుకు వెళ్లేవి. కాబట్టి పాత తీర్పులను బిలాస్‌పుర్ హైకోర్టు పేరుతో వెతికితే దొరకవు. 1991లో భిలాయ్‌లో జరిగిన కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి హత్య కేసే ఉదాహరణ. దుర్గ్ కోర్టు 1997లో విధించిన శిక్షలను మధ్యప్రదేశ్ హైకోర్టు 1998లో రద్దు చేసింది. సుప్రీంకోర్టు 2005లో నిందితుల్లో ఒకరికి మాత్రం యావజ్జీవ శిక్ష విధించింది. మధ్యలో ఆగి చదివితే అందరూ నిర్దోషులనే అనిపిస్తుంది.

అందుచేత తీర్పు చేతికి రాగానే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీనిపై అప్పీలు జరిగిందా? ఇంతకంటే పెద్ద ధర్మాసనం వేరుగా చెప్పిందా? ఇది ఆధారపడిన చట్టం మారిందా? సెయిల్ తీర్పు 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంపై వచ్చింది. దాని స్థానంలో 2020లో పార్లమెంటు కొత్త కార్మిక స్మృతిని ఆమోదించింది. కనుక ఆ స్మృతి పాఠాన్నీ పక్కన పెట్టుకుని చదవాలి.

సుప్రీంకోర్టు కొన్ని తీర్పులను తెలుగులోనూ అందిస్తోంది. విషయం అర్థం చేసుకోవడానికి అవి ఎంతో ఉపకరిస్తాయి. అయితే కోర్టులో ప్రామాణికం ఆంగ్ల పాఠమే. న్యాయవాదిని కలిసేటప్పుడు తీర్పు సైటేషన్, తేదీ, సంబంధిత పేరా సంఖ్య రాసుకుని వెళితే, ఆ తీర్పు తమ కేసుకు పనికివస్తుందో లేదో తొలి సమావేశంలోనే అడిగి తెలుసుకోవచ్చు.